ఇంట్లో పాట రికార్డ్ చేయడం ఎలా?

మొదటిసారి ఇంట్లో పాట రికార్డ్ చేసినప్పుడు నేను డబ్బంతా మైక్ మీదే పెట్టాను. తీరా వింటే గొంతు బాత్రూమ్‌లోంచి వచ్చినట్టుంది, రెండో చరణంలో కుక్కర్ విజిల్ కూడా ఉంది. తర్వాత తెలిసింది, మైక్ ఆన్ చేయకముందే తేలిపోవాల్సిన విషయాలు చాలా ఉంటాయని. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు పాటను పరీక్షించండి. ఒక్క గిటారో కీబోర్డో పెట్టుకుని, ఫోన్‌లో పాడి రికార్డ్ చేసి, మర్నాడు పొద్దున వినండి. పల్లవి రెండోసారి వచ్చేసరికి మీకే విసుగొస్తే లోపం బాణీలోనో సాహిత్యంలోనో ఉంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయదు.

తర్వాత శ్రుతి. చాలామంది పల్లవి పాడి చూసి శ్రుతి ఖాయం చేసేస్తారు. అలా కాకుండా చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్లే లైన్ పాడి చూడండి. అక్కడ గొంతు బిగుసుకుంటే అర శ్రుతి దించండి. టెంపో కూడా అంతే. నిమిషానికి 92 బీట్లు అనుకుంటే 88లోనూ 96లోనూ పాడి చూడండి. మాటలు ఊపిరాడకుండా పరిగెత్తుతున్నాయా, సాగుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. నచ్చిన అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి. గొంతు రికార్డ్ చేశాక టెంపో మార్చడం పెద్ద తలనొప్పి.

ఇప్పుడు గది. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. వెనకాలే ‘ణంగ్’మని మోగితే ఆ గది పనికిరాదు. బట్టలు నిండిన బీరువా, మంచం, పరుపు ఉన్న పడకగది మేలు. ఖాళీ హాలు ఎంత అందంగా ఉన్నా వద్దు. పాడేవాళ్లు వాడే మైకుల్లో చాలావరకు ముందువైపు శబ్దాన్నే బాగా పట్టుకుంటాయి. కాబట్టి మందపాటి రగ్గునో బొంతనో మైక్ వెనక కాదు, పాడేవాళ్ల వీపు వెనక వేలాడదీయండి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. ఫ్రిజ్ మోత వినిపిస్తుంటే దాన్నీ కాసేపు ఆపండి, మళ్లీ ఆన్ చేయడం మాత్రం మర్చిపోకండి.

మైక్‌కీ నోటికీ మధ్య జానెడు దూరం ఉండాలి. ప, బ, ఫ, భ పలికేటప్పుడు గాలి తన్నకుండా మైక్ ముందు బెత్తెడు దూరంలో పాప్ ఫిల్టర్ అనే పల్చటి జాలీ తెర పెట్టండి. మరీ దగ్గరికి వెళ్తే గొంతులో బరువు పెరిగి మాట ముద్దగా వినిపిస్తుంది. మెల్లగా చెప్పాల్సిన లైన్‌లో ఆ బరువే అందం, హై పిచ్‌లో అదే గోల. బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైక్ అయితే, మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల బటన్ నొక్కాలి. నొక్కక గంటసేపు కేబుళ్లు మార్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాణ్యత సెట్టింగ్స్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. అన్నిటికన్నా గట్టిగా పాడే లైన్ పాడించి, శబ్దం లెవెల్ చూపే మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని పెంచే నాబ్, పెట్టండి. లెవెల్ కాస్త తక్కువైనా తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలిన గొంతును మాత్రం అతకలేం.

ఇక పాడించడం. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ తమ ఆల్బమ్ కోసం ఒక్క రోజులో పది పాటలు రికార్డ్ చేశారు. వాళ్లలో పాడే జాన్ లెనన్‌కు జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను నిర్మాత జార్జ్ మార్టిన్ అన్నిటికన్నా చివర పెట్టాడు. ముందే పాడించి ఉంటే మిగతా పాటలకు గొంతే ఉండేది కాదు. ఆల్బమ్‌లో ఉన్నది ఆ పాట మొదటి టేకే. మీరూ గొంతును నలిపే లైన్లు ఆఖరికి ఉంచండి. ముందు మూడు నాలుగు సార్లు పాట మొత్తం ఆపకుండా పాడించి, ఆ తర్వాతే లైన్ లైన్‌గా సరిచేయండి. తప్పు పాడిన ప్రతిసారీ ఆపితే పాడేవాళ్లకు టెన్షన్ పెరుగుతుంది, భావం పోతుంది. హెడ్‌ఫోన్స్‌లో తమ గొంతు చాలా గట్టిగా వినిపిస్తే భయపడి తగ్గించి పాడతారు, వినపడకపోతే అరుస్తారు. మధ్యమధ్యలో అడుగుతుండండి.

టేకుల్లోంచి మంచి లైన్లు ఏరి అతికించేటప్పుడు తెరవైపు చూడకండి, కళ్లు మూసుకుని వినండి. కాస్త శ్రుతి తప్పినా మాట మనసుకు తగిలిన టేకునే నేను ఉంచుతాను. తెలుగులో ఇంకో చిక్కుంది. అతుకు దగ్గర హల్లును కొంచెం ఎక్కువ కోస్తే ఒత్తు ఎగిరిపోతుంది, ‘కల్ల’ కాస్తా ‘కల’ అవుతుంది. అందుకే ఎడిటింగ్ అయ్యాక సాహిత్యం ముందు పెట్టుకుని ఒకసారి పూర్తిగా వినండి.

రికార్డ్ చేసినవన్నీ కలిపి ఒక్క పాటగా చేసే మిక్సింగ్‌లో మొదటి పని తీసేయడం. గొంతు, డ్రమ్స్, బాస్ మాత్రమే ఉంచి మిగతావన్నీ మ్యూట్ చేయండి. ఒక్కొక్కటే తిరిగి తెస్తూ, అది వచ్చాక పాట బాగుపడిందా అని అడగండి. లేకపోతే వదిలేయండి, ఎంత కష్టపడి వాయించినా సరే. కీబోర్డ్ ఎడమ చెయ్యీ బాస్ గిటారూ ఒకే చోట కొట్టుకుంటుంటే శబ్దంలో మందాన్నీ పదునునూ సరిచేసే ఈక్వలైజర్ జోలికి వెళ్లకముందు కీబోర్డ్‌ను ఒక స్థాయి పైన వాయించి చూడండి. చాలాసార్లు అంతే సరిపోతుంది. తర్వాత మోనోలోకి, అంటే కుడి ఎడమల శబ్దం ఒక్కటిగా కలిసేలా మార్చి, ఫోన్ స్పీకర్‌లో తక్కువ సౌండ్‌తో వినండి. అక్కడ మాట అర్థం కావాలి.

లౌడ్‌నెస్ కోసం పాటను పిండేయకండి. స్పాటిఫై లాంటివి మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే యూనిట్) దగ్గరికి తెచ్చి వినిపిస్తాయి. మీరు ఎక్కువ గట్టిగా చేసినా అవి తగ్గించేస్తాయి.

ప్రతి మిక్స్‌నూ తేదీతో సేవ్ చేయండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని పేర్లు పెడితే నెల తర్వాత మీకే అర్థం కాదు. మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’కు 91 మిక్సులు చేశామని, చివరికి రికార్డులోకి వెళ్లింది రెండోదేనని ఇంజినీర్ బ్రూస్ స్వీడియెన్ చెప్పేవాడు. ఆ రెండోది దాచి ఉండబట్టే దొరికింది. మీ పాత మిక్సులు, ముడి ట్రాకులు కూడా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంచండి.