షాపింగ్ సర్వేలో మన స్వభావం చదువుకోవడం ఎలా?

"నేను ఆచితూచి కొంటాను" అనే వాక్యం ఎదురైతే అందరం అవుననే టిక్కు పెడతాం. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక్క చీరకని వెళ్లి మూడు సంచులతో తిరిగొచ్చినవాళ్లు కూడా. అందుకే సర్వే కంటే ముందు లెక్క తీయాలి.

1. ఫోన్‌పే, గూగుల్‌పేలో గత మూడు నెలల చెల్లింపులు తెరవండి. కిరాణా, బట్టలు, ఫోను, పెళ్లిళ్ల చదివింపులు అని నాలుగు గడులు గీసి రాయండి. ముందే అనుకుని కొన్నదాని పక్కన 'ము', అప్పటికప్పుడు కొన్నదాని పక్కన 'అ' పెట్టండి. సర్వే అయ్యాక ఈ పని పెట్టుకుంటే, వచ్చిన ఫలితానికి తగ్గట్టు లెక్క సర్దేస్తాం.

2. సర్వే ఎవరికోసం తయారైందో చూడండి. కొనేవాళ్లను రకాలుగా విడదీసే, పేరున్న 'వాల్స్' సర్వే 1978లో అమెరికాలోని ఎస్ఆర్ఐ పరిశోధన సంస్థలో ఆర్నాల్డ్ మిచెల్ మొదలుపెట్టింది. ఇప్పుడది మనుషుల్ని ఎనిమిది రకాలుగా విడదీస్తుంది. దాని ప్రశ్నలు అక్కడి జీవితానికి కుదిరినవి. ఒంగోలులో కూర్చుని నింపితే వచ్చే పేరును సరదాగానే తీసుకోండి. మన ఇళ్లలో ఫ్రిజ్ కొనేది ఒక్కరు కాదు, ఇల్లంతా. మీరొక్కరే నిర్ణయించే వస్తువులు తలుచుకుని జవాబులివ్వండి.

3. మార్కులు వేసేచోటే ఎక్కువమంది తప్పుతారు. 1 నుంచి 5 వరకు వేసే సర్వేల్లో కొన్ని వాక్యాలు తిరగేసి ఉంటాయి. "కొనేముందు రెండు చోట్ల ధర అడుగుతాను"కు 5 వేశారనుకుందాం. "నచ్చితే ధర చూడను"కూ 5 వేశారు. రెండోదాన్ని 6లోంచి తీసేయాలి, అంటే 1. సగటు 3. చూడ్డానికి నింపాదైన మనిషిలా ఉంటుంది. నిజానికి చదవకుండా అన్నిటికీ ఊఁ కొట్టిన మనిషి! ఇలాంటి జంటలు రెండు మూడు తగిలితే ఆ ఫలితం పక్కన పెట్టి మళ్లీ నింపండి.

4. రెండుసార్లు నింపండి. జీతగాళ్లయితే మొదటి వారంలో ఒకసారి, 25వ తేదీ దాటాక ఒకసారి. కొత్తపట్నం, అల్లూరు వైపు రొయ్యల చెరువులవాళ్లు రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు చేతికొచ్చాక ఒకసారి, మేత అరువు మీద నడిచేటప్పుడు ఇంకోసారి. రెండింటిలో మారినది జేబు సంగతి. మారనిదాన్నే స్వభావమనుకోండి.

5. "పైకి ధైర్యంగా ఉన్నా లోపల సందేహిస్తారు" లాంటి వర్ణన వస్తే కొట్టేయండి. 1948లో మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు ఒకే వర్ణన ఇచ్చి, ఎవరిది వారికే రాశానన్నాడు. అది తమకు ఎంత సరిపోయిందో చెప్పమంటే వాళ్లు సగటున 5కు 4.26 మార్కులు వేశారు.

6. ఇక మొదటి కాగితం తీయండి. సర్వేలో ఆచితూచి కొనే మనిషని వచ్చి, బట్టల గడిలో 'అ'లు నిండి ఉంటే ఆ గడి దగ్గరే ఆగి తేదీలు చూడండి. పండగ ముందా, జీతం రోజా, ఎవరితో వెళ్లినప్పుడా? మిగతా గడుల జోలికి పోనక్కర్లేదు.

సర్వే మధ్యలో ఓటీపీ, ఆధార్ నంబరు అడిగితే అక్కడే మూసేయండి. మాల్ గుమ్మం దగ్గర నింపించే లక్కీ డ్రా కూపన్లో ఆదాయం గడి ఉంటే ఖాళీగా వదలండి.