నెస్టెడ్ కంటైనర్లు ఎలా వాడాలి?

ఇక్కడ చెప్పేది డాట్‌నెట్‌తో వచ్చే డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్ గురించి, అంటే క్లాసులకి కావలసిన వస్తువుల్ని తయారుచేసి అందించే దాని గురించి. దాంట్లో అసలు కంటైనర్‌ని రూట్ అని, దాన్నుంచి తెరిచే పిల్ల కంటైనర్‌ని స్కోప్ అని అంటారు.

1. రిజిస్ట్రేషన్లన్నీ (ఏ వస్తువుని ఎలా తయారుచేయాలో కంటైనర్‌కి చెప్పే లైన్లు) ప్రోగ్రామ్ మొదలయ్యే చోటే రాయండి. కాన్ఫిగరేషన్, క్యాష్ సింగిల్టన్ (అప్లికేషన్ మొత్తానికి ఒక్కటే). డేటాబేస్‌తో మాట్లాడే డేటాబేస్ కాంటెక్స్ట్ స్కోప్డ్ (ఒక్కో స్కోప్‌కి ఒకటి). తేలికపాటి క్లాసులు ట్రాన్సియెంట్ (అడిగిన ప్రతిసారీ కొత్తది). ఆటోఫ్యాక్ అనే వేరే కంటైనర్ లైబ్రరీ అయితే పిల్ల కంటైనర్లో కొత్త రిజిస్ట్రేషన్లు కలపనిస్తుంది. కలపకండి. ఏ క్లాస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ తర్వాత ఎవరికీ అంతుపట్టదు.

2. వెబ్ రిక్వెస్ట్‌కి ఫ్రేమ్‌వర్కే స్కోప్ తెరుస్తుంది. క్యూ చదివే బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్‌లో మాత్రం మీరే, ఒక్కో మెసేజ్‌కి ఒక్కోటి, లూప్ లోపల తెరవాలి. బయట తెరిస్తే ఒక మెసేజ్‌లో సేవ్ కాక మిగిలిన మార్పు తర్వాతి మెసేజ్ సేవ్‌తో పాటు మళ్లీ డేటాబేస్‌కి వెళ్తుంది.

3. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. సింగిల్టన్‌ని పిల్ల స్కోప్ నుంచి అడిగినా దాన్ని తయారుచేసేది రూట్ కంటైనరే. దాని కన్‌స్ట్రక్టర్‌లో డేటాబేస్ కాంటెక్స్ట్ ఉంటే అదీ రూట్ నుంచే వస్తుంది, అప్లికేషన్ ఆగేదాకా బతికే ఉంటుంది. ఒక్కరే వాడుతున్నంతసేపు అంతా బాగానే కనిపిస్తుంది. లోడ్ పెరిగి రెండు థ్రెడ్లు ఒకేసారి అదే కాంటెక్స్ట్‌ని తాకినప్పుడు ఎర్రర్లు మొదలవుతాయి.

అందుకే వాలిడేట్‌స్కోప్స్, వాలిడేట్‌ఆన్‌బిల్డ్ అనే సెట్టింగులు రెండూ ఆన్ చేయండి, ఇలాంటి తప్పుల్ని అవి పట్టుకుంటాయి. డెవలప్‌మెంట్‌లో డిఫాల్ట్‌గా ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు, టెస్ట్ సర్వర్‌లోనూ పెట్టండి. అయినా లాంబ్డాతో (పేరులేని చిన్న ఫంక్షన్‌తో) రాసిన రిజిస్ట్రేషన్ లోపల ఏముందో బిల్డ్ సమయంలో కంటైనర్‌కి కనబడదు. వాటిని మీరే చదివి చూసుకోవాలి. సింగిల్టన్‌కి స్కోప్డ్ వస్తువు నిజంగా అవసరమైతే స్కోప్‌లు తెరిచిచ్చే స్కోప్ ఫ్యాక్టరీని మాత్రమే ఇవ్వండి. స్కోప్‌ని మెథడ్ లోపల తెరిచి అక్కడే మూసేయాలి. కన్‌స్ట్రక్టర్‌లో తెరిచి ఫీల్డ్‌లో దాచుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

ఇంకోటి: డిస్పోజ్ (పని అయ్యాక వనరుల్ని వదిలే మెథడ్) ఉన్న ట్రాన్సియెంట్‌ని రూట్ నుంచి తీసుకుంటే, రూట్ మూసేదాకా కంటైనర్ దాన్ని వదలదు. మెమరీ లీక్ అని వెతికేవాళ్లు ముందు ఇది చూడండి.

4. స్కోప్‌ని క్రియేట్‌ఎసింక్‌స్కోప్‌తో తెరిచి, అవైట్ యూజింగ్‌తో మూయండి. మామూలు యూజింగ్ వాడితే, ఎసింక్ డిస్పోజ్ మాత్రమే ఉన్న సర్వీస్ దగ్గర ఎక్సెప్షన్ వస్తుంది. స్కోప్‌తో పాటే డేటాబేస్ కాంటెక్స్ట్ కూడా మూసుకుంటుంది కాబట్టి, క్వెరీని బయటికి పంపకుండా స్కోప్ మూసేలోపే లిస్ట్‌గా మార్చేయండి.