మెయిల్ వస్తోంది కానీ వెళ్ళడం లేదా? పంపే సర్వర్‌ను ఇలా సరిచేసుకోండి

థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో కొత్త మెయిళ్ళు ఎప్పటిలాగే వస్తూ ఉంటాయి. జవాబు రాసి సెండ్ నొక్కితే మాత్రం అది అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది, లేదా ఒక ఎర్రర్ సందేశం కనిపిస్తుంది. మెయిళ్ళు అందుతున్నాయి కాబట్టి ఖాతా వివరాలన్నీ సరిగానే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మెయిళ్ళు అందుకోవడం ఐమ్యాప్ లేదా పాప్ పద్ధతిలో జరుగుతుంది, పంపడం ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిలో జరుగుతుంది. ఈ రెండింటికీ సర్వర్ పేరు, పోర్టు (సర్వర్‌లోకి వెళ్ళే ద్వారం సంఖ్య), ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చడం), పాస్‌వర్డ్ దేనికి దానికే విడిగా నమోదై ఉంటాయి కాబట్టి ఒకటి సజావుగా నడుస్తూ ఉండగానే రెండవది పూర్తిగా ఆగిపోవచ్చు.

ఏ సెట్టింగునైనా మార్చే ముందు ఎర్రర్ సందేశాన్ని చివరిదాకా చదివి, ఉన్నది ఉన్నట్టుగా రాసి పెట్టుకోండి. అందులో మూడంకెల సంఖ్య ఉంటే సగం పని అయినట్టే. 4తో మొదలయ్యే సంఖ్య తాత్కాలికమైన ఇబ్బందిని, 5తో మొదలయ్యేది సర్వర్ ఖరాఖండీగా తిరస్కరించిందన్న విషయాన్ని చెబుతాయి. తరువాత బ్రౌజరులో అదే ఖాతా తెరిచి ఒక చిన్న మెయిల్ పంపి చూడండి. అక్కడినుంచి కూడా వెళ్ళకపోతే లోపం ఖాతాలోనే ఉంది, ప్రోగ్రామ్ సెట్టింగులతో పని లేదు. విసిగిపోయి ఖాతాను తొలగించి మళ్ళీ చేర్చే పని మాత్రం దయచేసి చేయకండి. పాప్ పద్ధతిలో దింపుకున్న పాత మెయిళ్ళు చాలాసార్లు ఆ కంప్యూటరులో తప్ప మరెక్కడా ఉండవు, ఖాతాతోపాటు అవి కూడా పోయే ప్రమాదం ఉంది.

థండర్‌బర్డ్‌లో పంపే సర్వర్ల జాబితా ఖాతా సెట్టింగుల్లో ఎడమవైపు వరుసకు అట్టడుగున, ఖాతాలన్నింటికీ కింద ఉంటుంది. ఒకటికంటే ఎక్కువ ఖాతాలు ఉన్నవారు ఇంకొక చోట కూడా చూడాలి: ఒక్కొక్క ఖాతా పేరు నొక్కినప్పుడు వచ్చే పేజీలో ఆ ఖాతా ఏ పంపే సర్వర్‌ను వాడాలో ఎంచుకునే పెట్టె ఉంటుంది. పాత ఖాతాను తీసేసిన తరువాత ఈ పెట్టెలో సంబంధం లేని సర్వర్ మిగిలిపోవడం తరచుగా జరిగేదే.

సర్వర్‌తో సంబంధమే కుదరలేదని, లేదా సమయం మించిపోయిందని సందేశం వస్తే ముందుగా సర్వర్ పేరు చూడండి. జీమెయిల్‌కు అది ఎస్‌ఎమ్‌టీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్. వేరే సంస్థ అయితే ఆ సంస్థ సహాయ పేజీలో ఇచ్చిన పేరునే వాడాలి, ఊహించి రాయకూడదు. కాపీ చేసి అతికించినప్పుడు పేరు చివర ఒక ఖాళీ చేరిపోయినా కంటికి కనిపించదు. అందుకే ఆ గడిని పూర్తిగా చెరిపి చేత్తో టైపు చేయడం మేలు.

పేరు సరిగా ఉంటే తరువాత చూడవలసినది పోర్టు, ఎన్‌క్రిప్షన్ జత. నా అనుభవంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, ఎందుకంటే ఈ రెండూ సెట్టింగుల్లో వేర్వేరు గడుల్లో ఉన్నా నిజానికి విడదీయరానివి. 465 పోర్టుకు ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి, 587 పోర్టుకు స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. 465లో మొదటి మాట నుంచే సంభాషణ ఎన్‌క్రిప్షన్‌లో సాగుతుంది. 587లో సర్వర్ ముందు మామూలు అక్షరాల్లో పలకరిస్తుంది, ఆ తరువాతే ప్రోగ్రామ్ అడిగితే ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకున్నారనుకోండి: సర్వర్ పలకరింపు కోసం ప్రోగ్రామ్, ప్రోగ్రామ్ ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టడం కోసం సర్వర్ ఎదురుచూస్తూ కూర్చుంటాయి, చాలాసేపటి తరువాత సమయం మించిపోయిందన్న సందేశం మాత్రమే మీకు కనిపిస్తుంది. అందువల్ల ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందేమోనని పొరబడతారు. 587 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకుంటే ఇందుకు భిన్నంగా వెంటనే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే సర్వర్ పంపిన మామూలు పలకరింపును ప్రోగ్రామ్ ఎన్‌క్రిప్షన్ జవాబుగా చదవబోయి విఫలమవుతుంది. పాత సూచనల్లో 25 పోర్టు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి: అది సర్వర్లు ఒకదానికొకటి మెయిళ్ళు అందజేసుకునే దారి, స్పామ్ కారణంగా చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇంటి కనెక్షన్లలో దాన్ని మూసివేశాయి. మీ మెయిల్ సంస్థ రెండింటినీ అనుమతిస్తే 465నే ఎంచుకోండి. 2018లో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం కూడా మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉండే ఈ పద్ధతికే మొగ్గు చూపింది.

జత సరిగా ఉన్నా సంబంధం కుదరకపోతే కంప్యూటరును ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి ఒకసారి పంపి చూడండి. అప్పుడు వెళ్ళిందంటే అడ్డం మీ మామూలు నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. వెళ్ళకపోతే వీపీఎన్‌ను, యాంటీవైరస్‌లోని మెయిల్ తనిఖీని కొద్ది నిమిషాలపాటు ఆపి చూడాలి. సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని చూపే గుర్తింపు పత్రం) చెల్లదన్న హెచ్చరిక వస్తే దాన్ని ఆమోదించే ముందు కంప్యూటరులో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. గడియారం తప్పితే సరైన సర్టిఫికెట్ కూడా గడువు తీరినట్టు కనిపిస్తుంది.

535 సంఖ్య వస్తే మీ ప్రోగ్రామ్ సర్వర్ దాకా వెళ్ళింది, లాగిన్ వివరాల దగ్గర ఆగిపోయింది. యూజర్ పేరు గడిలో చాలా సంస్థలకు పూర్తి మెయిల్ చిరునామా ఉండాలి. ఇక పాస్‌వర్డ్ విషయం. గూగుల్ 2022 మే నుంచి వ్యక్తిగత ఖాతాల్లో మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి లాగిన్‌ను ఆపివేసింది, మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు అదే చేసింది. రెండింటికీ అథెంటికేషన్ (లాగిన్ ధ్రువీకరణ) పద్ధతి గడిలో ఓఆథ్2 ఎంచుకోవడమే ఇప్పుడు సరైన దారి, ఇందులో పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌కు ఇవ్వకుండా ఆ సంస్థ లాగిన్ పేజీలోనే అనుమతి ఇస్తారు. ఓఆథ్2 తెలియని పాత ప్రోగ్రామ్ అయితే జీమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (ఆ ప్రోగ్రామ్ కోసమే గూగుల్ ఇచ్చే విడి పాస్‌వర్డ్) తీసుకోవచ్చు. అయితే గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ యాప్ పాస్‌వర్డులు రద్దవుతాయని గుర్తుంచుకోండి.

పాస్‌వర్డ్ మార్చిన మరునాటి నుంచి పంపడం ఆగిపోయిన కంప్యూటరు ఒకటి నా దగ్గరకు వచ్చింది. థండర్‌బర్డ్‌లో దాచిన పాస్‌వర్డుల జాబితా తెరిస్తే ఒకే చిరునామాకు రెండు వరుసలు కనిపించాయి, ఒకటి ఐమ్యాప్‌తో, మరొకటి ఎస్‌ఎమ్‌టీపీతో మొదలయ్యేవి. యజమాని కొత్త పాస్‌వర్డును మొదటిదానికే ఇచ్చారు. ఎస్‌ఎమ్‌టీపీ వరుసను చెరిపి మళ్ళీ సెండ్ నొక్కగానే ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ అడిగింది, మెయిల్ వెళ్ళింది.

530 సంఖ్య వస్తే సర్వర్ లాగిన్‌నో, ఎన్‌క్రిప్షన్‌నో కోరుతోంది, మీ ప్రోగ్రామ్ దాన్ని ఇవ్వడం లేదు. అథెంటికేషన్ లేదు అన్న ఎంపిక ఉంటే మార్చండి. 550తోపాటు రిలే (మెయిల్‌ను వేరే సర్వర్‌కు చేరవేయడం) అన్న మాట కనిపిస్తే తప్పు సర్వర్ ద్వారా పంపుతున్నారేమో, లేదా ఫ్రమ్ గడిలో ఆ ఖాతాకు చెందని చిరునామా ఉందేమో చూడాలి. 552 వస్తే చాలాసార్లు జోడించిన ఫైలు పెద్దది. సంస్థ చెప్పిన పరిమితికి కాస్త లోపలే ఉన్న ఫైలు కూడా కొన్నిచోట్ల ఆగిపోవచ్చు, ఎందుకంటే జోడింపులు మెయిల్‌లోకి వెళ్ళేటప్పుడు అక్షరాలుగా మారి దాదాపు మూడో వంతు పెరుగుతాయి.

చివరగా, పంపడంలో లోపం లేకపోయినా లోపంలా కనిపించే సందర్భం ఒకటుంది. మెయిల్ వెళ్ళింది గానీ సెంట్ ఫోల్డరులో నకలు పెట్టలేకపోయామని ప్రోగ్రామ్ చెబితే మళ్ళీ సెండ్ నొక్కకండి, అవతలివారికి అదే మెయిల్ రెండుసార్లు చేరుతుంది. ఆ నకలును ఐమ్యాప్ సర్వర్‌లో దాస్తారు, ఎస్‌ఎమ్‌టీపీకి దానితో సంబంధం లేదు. ఖాతా సెట్టింగుల్లో నకళ్ళు, ఫోల్డర్ల పేజీ తెరిచి సెంట్ ఫోల్డరును మళ్ళీ ఎంచుకుంటే సరిపోతుంది.