కరెంటు బిల్లు బకాయి పడిన ఇంట్లో రోగి ఉంటే సరఫరా ఆగకుండా చూసుకోవడం ఎలా?

ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి అందించే, కరెంటుతో నడిచే యంత్రం) మీద ఆధారపడిన రోగి గానీ, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ భద్రపరచుకోవలసిన వృద్ధులు గానీ ఉన్న ఇంటికి కరెంటు తీసేస్తే నష్టం చీకటితో ఆగదు. అటువంటి ఇళ్లలో తరచుగా ఎదురయ్యే చిక్కులను, మన దేశ చట్టం ప్రకారం వాటికి ఉన్న మార్గాలను కింద వివరిస్తున్నాము. లైన్‌మన్ స్తంభం దగ్గరికి వచ్చాక చేసే వాదన కంటే, అంతకుముందే కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్న కాగితమే ఎక్కువ పనిచేస్తుంది.

సమస్య: నోటీసు లేకుండానే ఫ్యూజు పీకడానికి వచ్చారు.

కారణం: సిబ్బంది చేతిలో ఉండేది గడువు దాటిన సర్వీసు నంబర్ల జాబితా మాత్రమే. ఆ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారో లేదో అందులో ఉండదు.

పరిష్కారం: విద్యుత్ చట్టం, 2003లోని 56వ సెక్షన్ ప్రకారం సరఫరా నిలిపివేసే ముందు కనీసం 15 పూర్తి రోజుల వ్యవధితో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజును, సరఫరా తొలగించే రోజును ఆ లెక్కలో కలపకూడదు. అయితే కొన్నిచోట్ల ఆ నోటీసును బిల్లులోనే ముద్రిస్తారు కనుక, రాలేదని వాదించే ముందు బిల్లును రెండు వైపులా చదవడం మంచిది.

సమస్య: ఎన్నడూ లేనంత పెద్ద బిల్లు వచ్చింది.

కారణం: తలుపు తాళం వేసి ఉందని కొన్ని నెలలు రీడింగ్ తీయకపోతే, పోగుపడిన యూనిట్లన్నీ ఒకే నెల లెక్కలో పడి, యూనిట్‌కు ఎక్కువ రేటు ఉండే పై శ్లాబుకు చేరవచ్చు. మీటరు దోషం కూడా కావచ్చు.

పరిష్కారం: మీటరులోని అంకెను ఫోటో తీసి బిల్లులోని రీడింగ్‌తో పోల్చి, యూనిట్లను నెలలవారీగా విడదీసి లెక్కించాలని రాతపూర్వకంగా కోరాలి. ఇక్కడ చాలామంది వాడుకోని రక్షణ ఒకటుంది. అడిగిన మొత్తం ఒకటి, గడచిన ఆరు నెలల్లో చెల్లించిన సగటు ఛార్జీ ప్రకారం లెక్కకట్టిన మొత్తం మరొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని, అభ్యంతరంతో చెల్లిస్తున్నానని రాసి జమచేస్తే, వివాదం తేలేవరకు సరఫరా నిలిపివేయరాదని అదే సెక్షన్ చెబుతోంది.

సమస్య: బిల్లు సరైనదే, కట్టడానికి డబ్బు లేదు.

అన్నింటికంటే కష్టమైనది ఇదే, ఎందుకంటే 56వ సెక్షన్‌లో రోగులకంటూ మినహాయింపు ఏదీ లేదు. కాబట్టి గడువు తీరకముందే స్థానిక విద్యుత్ కార్యాలయం (సెక్షన్ ఆఫీసు)లోని అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కి దరఖాస్తు ఇచ్చి, సర్వీసు నంబరు, రోగి పరిస్థితి, వాడుతున్న పరికరం, ప్రతి నెలా కట్టగల మొత్తం స్పష్టంగా రాసి, వైద్యుని ధ్రువపత్రం జతచేసి, వాయిదాలు కోరాలి. కట్టగలిగినంత అదే రోజున కట్టి, దరఖాస్తు నకలు మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా ఇచ్చిన హామీ తర్వాతి వారం వచ్చే సిబ్బందికి తెలియదు. వృద్ధులకు దరఖాస్తు సమర్పణ, బిల్లు చెల్లింపు వంటి సేవలను ఇంటి వద్దనే అందించాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి కనుక వారు ఆ సేవను అడగవచ్చు. దరఖాస్తు మీద నిర్ణయం వచ్చేలోగా ఇంట్లో నిండు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం తప్పనిసరి.

సమస్య: ఏళ్ల నాటి బకాయి చూపి తొలగిస్తామంటున్నారు.

మొదట చెల్లించవలసిన తేదీ నుంచి రెండేళ్లు దాటి, ఆ మధ్య బిల్లుల్లో నిరంతరం బకాయిగా చూపని మొత్తం కోసం సరఫరా తీసేయడానికి వీల్లేదు. పాత బిల్లులు దాచుకున్నవారికి ఇది తేలిగ్గా రుజువవుతుంది.

సమస్య: ఇప్పటికే కరెంటు తీసేశారు.

ఎంత అత్యవసరమైనా ఫ్యూజును సొంతంగా తిరిగి పెట్టుకోరాదు. అదే విద్యుత్ చట్టంలోని 138వ సెక్షన్ కింద అది మూడేళ్ల వరకు జైలుశిక్షకు దారితీసే నేరం. ముందుగా రోగిని ఆసుపత్రికి గానీ, కరెంటు ఉన్న బంధువుల ఇంటికి గానీ తరలించి, బకాయి, పునరుద్ధరణ రుసుము చెల్లించిన రసీదుతో ఏఈని కలవాలి. తొలగింపే అక్రమమైతే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకపోతే ఆ పైస్థాయిలో విచారించే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ముద్ర వేయించుకున్న దరఖాస్తు నకలును ఆ ఫిర్యాదుకు జతచేయాలి.