తెలుగు రాతపనికి చవకైన ల్యాప్‌టాప్: ముందుగా కీబోర్డు చూడండి

రిజిస్ట్రేషన్ కార్యాలయాల దగ్గర దస్తావేజులు తయారుచేసేవారు, ప్రశ్నపత్రాలు సిద్ధంచేసే ఉపాధ్యాయులు, పత్రికలకు వార్తలు పంపే గ్రామీణ విలేకరులు, రైసుమిల్లుల్లో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే గుమాస్తాలు గోదావరి డెల్టాలో గంటల తరబడి తెలుగు టైపు చేస్తూనే ఉంటారు. వీరిలో ఎవరైనా ల్యాప్‌టాప్ కొనబోతే దుకాణదారు ప్రాసెసరు పేరు, తెర వెడల్పు, ఇచ్చే తగ్గింపు గురించి చెబుతాడు తప్ప కీబోర్డు ప్రస్తావన తీసుకురాడు. ముప్పై, నలభై వేల రూపాయల శ్రేణిలో దొరికే యంత్రాలు రాతపని వేగంలో ఒకదానికొకటి పెద్దగా తీసిపోవు. చాలా నమూనాల్లో మెమరీ తరువాతైనా పెంచుకోవచ్చు, డిస్కు మార్చుకోవచ్చు. కీబోర్డును మాత్రం అంతకంటే మంచిదానితో మార్చుకునే వీలుండదు. అందుచేత ఎంపిక కీబోర్డుతోనే మొదలుకావాలని నా దృఢమైన అభిప్రాయం.

తెలుగువారు ప్రత్యేకంగా చూడవలసినవి కీబోర్డు అంచులు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో వెలువరించిన ఐఎస్ 13194 ప్రమాణంలోనూ, నేటి విండోస్‌లోనూ ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. ఇంగ్లిషులో అరుదుగా తాకే సెమికోలన్, కొటేషన్, తెరిచే చదరపు బ్రాకెట్టు, స్లాష్ కీలు ఈ అమరికలో వరుసగా చ, ట, డ, య అవుతాయి. ఎడమవైపు పైమూలన, ఒకటో అంకె పక్కనుండే కీ ఒత్వం. ఖ, ఘ వంటి వత్తు అక్షరాలకూ, శ, ష, ణ, ళ లకూ, పదం మొదట్లో వచ్చే అచ్చులకూ షిఫ్ట్ నొక్కక తప్పదు. చవక ల్యాప్‌టాప్‌లలో స్థలం చాలనప్పుడు తయారీదారులు కుదించేది సరిగ్గా ఈ అంచు కీలనే. ఇంగ్లిషు టైపు చేసేవారికి అది పెద్ద లోటుగా తోచకపోవచ్చు గాని, మనకు ‘ట’ కొట్టబోతే పక్కనున్న ఎంటర్ పడి పంక్తి విరిగిపోతుంది. చిటికెనవేలు ప్రతి మాటకూ సాగి సాయంత్రానికి మణికట్టు నొప్పి మొదలవుతుంది.

దుకాణంలో పరీక్షించడం తేలిక. అనుమతి అడిగి, సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో తెలుగు చేర్చుకుంటే, విండోస్ గుర్తున్న కీతోపాటు స్పేస్‌బార్ నొక్కి ఇంగ్లిషు నుంచి తెలుగుకు మారవచ్చు. తరువాత “కొడుకు చెట్టెక్కి కాయ కోశాడు” అనే వాక్యాన్ని తెర మాత్రమే చూస్తూ పదిసార్లు టైపు చేయండి. పైన చెప్పిన అంచు కీలన్నీ, ‘శ’ కోసం షిఫ్టూ ఇందులో ఉన్నాయి. మొదటి రెండుసార్లు దొర్లే తప్పులను లెక్కలోకి తీసుకోనవసరం లేదు. చివరి మూడుసార్లు కూడా అదే అక్షరం దగ్గర వేలు తడబడితే ఆ యంత్రాన్ని వదిలేయడం మంచిది. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లోని అమరికలకు అలవాటుపడినవారు తమ పనిలో తరచుగా వచ్చే కీలతో ఇటువంటి వాక్యాన్నే కూర్చుకోవచ్చు. 2019 మే నాటి విండోస్ 10 నవీకరణతో వచ్చిన, ఇంగ్లిషు అక్షరాల ఉచ్చారణను బట్టి తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డు వాడేవారికి అక్షరాల కీలే ప్రధానం కాబట్టి అంచుల బెడద అంతగా ఉండదు.

కీల మధ్య దూరం కొలవడానికి చిన్న స్కేలు వెంట తీసుకువెళ్లండి. పూర్తి పరిమాణపు కీబోర్డులో పక్కపక్క కీల కేంద్రాల మధ్య దూరం సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, క్యూ కీ ఎడమ అంచు నుంచి పీ కీ ఎడమ అంచు వరకు దాదాపు 17 సెంటీమీటర్లు రావాలి. కీ ఎంత లోతుకు దిగుతుందన్నది కూడా ముఖ్యమే. ఒక మిల్లీమీటరుకు మించి ఏమాత్రం దిగని కీలపై గంటల తరబడి కొడితే బల్లపై వేళ్లతో కొట్టినట్లే ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా దిగి, దిగిన సంగతి వేలికి స్పష్టంగా తెలిసే కీలు హాయిగా ఉంటాయి. కీబోర్డు నడిమిభాగాన్ని బొటనవేలితో అదిమి చూడండి. పలక మొత్తం కిందికి వంగితే ఆ మెత్తదనం ప్రతి అక్షరానికీ అడ్డుపడుతుంది.

15.6 అంగుళాల యంత్రాల్లో కుడివైపున అంకెల కీలు విడిగా ఉండటం చాలామందిని ఆకర్షిస్తుంది. భీమవరంలో రొయ్యల లెక్కలో, మండపేటలో ధాన్యం లెక్కలో రోజంతా రాసేవారికి అవి నిజంగా అవసరమే. ప్రధానంగా తెలుగు వచనం టైపు చేసేవారికి మాత్రం వాటివల్ల నష్టమే ఎక్కువ. అక్షరాల కీలు ఎడమకు జరుగుతాయి, తెర మాత్రం మధ్యలోనే ఉంటుంది. ఫలితంగా చేతులు ఒకవైపు, చూపు మరొకవైపు ఉండి మెడ, భుజం పట్టేస్తాయి. అలాంటివారు 14 అంగుళాల యంత్రం తీసుకుని, అంకెల అవసరం వచ్చినప్పుడు యూఎస్‌బీ ద్వారా తగిలించుకునే విడి అంకెల ప్యాడు కొనుక్కోవడం మేలు.

మిగిలిన విషయాల్లో 8 జీబీ మెమరీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ (వేగమైన నిల్వ డిస్కు) ఉంటే చాలు. ఈఎంఎంసీ అనే నెమ్మదైన రకం నిల్వ ఉన్న మరీ చవక యంత్రాల జోలికి పోవద్దు.

బడ్జెట్ ఇంకా తక్కువైతే, కార్పొరేట్ సంస్థలు వాడి వదిలేసిన యంత్రాలను బాగుచేసి అమ్మే దుకాణాలు రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాల్లో చూడవచ్చు. 2018లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 నమూనాల కీబోర్డులు నేటి చవక కొత్త యంత్రాల కీబోర్డుల కంటే చాలా మేలైనవి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11 అధికారికంగా నడిచే ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరు, లేదా ఆ తరువాతిది, ఉందో లేదో తప్పక అడగాలి. టీ480 యంత్రాల్లోనే కొన్ని ఏడో తరం ప్రాసెసరుతో అమ్ముడుపోయాయి. విదేశాల నుంచి దిగుమతైనవాటిలో బ్రిటిష్ అమరిక కనిపిస్తుంది. అందులో ఎడమ షిఫ్ట్ పొట్టిగా ఉండి, పక్కన మరో కీ ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ వాడేవారికి అది తగదు. విండోస్‌లో బ్యాటరీ నివేదిక తీయించి, తయారీనాటి సామర్థ్యంలో ఇప్పుడు ఎంత మిగిలిందో చూడండి. సగానికి తగ్గివుంటే కొత్త బ్యాటరీ ఖరీదు ధరలోంచి మినహాయించమని అడగవచ్చు.

మన ప్రాంతపు వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. అంతర్వేది, నరసాపురం వంటి తీరప్రాంతపు ఊళ్లలో ఉప్పుగాలి లోహపు భాగాలను తినేస్తుంది. మిల్లుల దగ్గర తవుడు దుమ్ము కీల కిందికి చేరి అక్షరాలు పడకుండా చేస్తుంది. అందువల్ల కీబోర్డు పాడైతే దానిని ఒక్కదానినే మార్చగలరా, పైపలక మొత్తం మార్చాలా అని కొనకముందే అడగాలి. చవక నమూనాలు అనేకంలో కీబోర్డును పైపలకకు ప్లాస్టిక్ రివెట్లతో అతికించేస్తారు కాబట్టి మరమ్మతు ఖర్చు బాగా పెరుగుతుంది. కొత్త యంత్రానికి ఇంటివద్దే మరమ్మతు అని వారంటీలో రాసివుంటే, ఆ సేవ మీ ఊరి పిన్‌కోడుకు వర్తిస్తుందో లేదో కంపెనీ సేవాకేంద్రానికి ఫోను చేసి రూఢి చేసుకుని, ఆ తరువాతే డబ్బు కట్టండి.