దివాణంలో ప్రేమకథ: చదివేవాళ్లు మధ్యలో వదలని జమీందారీ సీరియల్ రాయడం ఎలా

1971లో రాజభరణాలు కూడా రద్దయ్యాయి. ఇప్పుడు రాజులూ లేరు, రాజ్యాలూ లేవు. అయినా సీరియల్ యాప్‌లలో యువరాజులకూ రాణులకూ గిరాకీ తగ్గలేదు. వజ్రాల హారాలూ వెండి ఉయ్యాలలూ చూసి జనం చదువుతున్నారనుకుని చాలామంది కొత్త రచయితలు మొదటి మూడు అధ్యాయాలూ వర్ణనలతో నింపేస్తారు. హారం మీద మోజు రెండో అధ్యాయానికే తీరిపోతుంది. చదివేవాళ్లను నలభయ్యో అధ్యాయం దాకా కూర్చోబెట్టే సంగతి వేరే ఉంది. మామూలు ఇంట్లో ఇద్దరి మధ్య తేలిపోయే విషయం దివాణంలో ఊరుమ్మడి వ్యవహారమవుతుంది. మామూలు కుర్రాడు ఒకమ్మాయి వంక రెండోసారి చూస్తే ఎవరికీ పట్టదు. రాజావారు చూస్తే దివాను లెక్కల పుస్తకం తెరుస్తాడు, పెద్ద రాణీగారు జాతకాలు తెప్పిస్తారు, అప్పిచ్చిన షావుకారు ఆ సాయంత్రమే బండి కట్టిస్తాడు.

అంటే పదవి వల్ల అతనికి ఏం దొరుకుతుందన్నది కథ కాదు, ఏం దొరకకుండా పోతుందన్నదే కథ. ఈ వ్యాసం 1880కీ 1948కీ మధ్య నడిచే తెలుగు జమీందారీ ప్రేమకథ గురించి. ఆ కాలం ఎందుకంటే, అప్పటికి కత్తులు మూలనపడి కోర్టు కాగితాలు వచ్చాయి. ప్రేమకు అడ్డం పడటంలో వెయ్యిమంది సైన్యం కంటే ఒక ప్రామిసరీ నోటు గట్టిది.

ముందు ప్రేమకు ఖరీదు కట్టండి

ఒక్క అక్షరం రాయకముందు ఈ వాక్యం పూర్తి చేయండి: “అతను ఈమెను చేసుకుంటే ఫలానాది పోతుంది.” ఆ ఫలానాది లెక్కకు వచ్చేదై ఉండాలి. “పరువు పోతుంది” అని రాస్తే చాలదు. పరువు ఎప్పుడు పోయిందో, ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి పాతికో అధ్యాయానికి వచ్చేసరికి మీకు చేతిలో ఏమీ మిగలదు.

లెక్కకు వచ్చే అడ్డంకులు చరిత్రలోనే బోలెడున్నాయి. 1802 శాశ్వత పైసలా (శిస్తు మొత్తాన్ని శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) ప్రకారం జమీందారు ఏటా కంపెనీకి, తర్వాత సర్కారుకు, మార్పులేని పేష్కషు, అంటే కప్పం, కట్టాలి. పంటలు పోయినా కిస్తు (వాయిదా సొమ్ము) ఆగదు, బకాయి పడితే ఎస్టేటు వేలానికి వస్తుంది. ఆస్తి చిక్కులు ఇంకో దారి. అవిభాజ్య ఎస్టేటును (వారసుల మధ్య పంచకూడనిదాన్ని) జమీందారు వీలునామా రాసి తనకిష్టమైనవాళ్లకు ఇచ్చుకోవచ్చని 1899లో పిఠాపురం వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పటి పై కోర్టు) తీర్పు ఇచ్చింది. ఎస్టేట్లు అలా చేయి జారిపోకుండా 1904లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. కథను 1899 తీర్పు తర్వాతి ఒకటి రెండేళ్లలో పెట్టారనుకోండి, తండ్రి చేతిలో కలం ఉన్నంతసేపూ కొడుకు నోరెత్తలేడు. “ఆ పిల్లను మరిచిపో, లేదా దత్తత తమ్ముడికి రాసేస్తా” అన్న బెదిరింపుకు నిజమైన కోరలు వస్తాయి.

కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కూడా పనికొస్తుంది. తండ్రి పోయిన మైనరు జమీందారు ఎస్టేటును కలెక్టరు చేతికి తీసుకునేవాడు. పిల్లవాణ్ణి మద్రాసు పంపి న్యూయింగ్టన్ బంగళాలో చదివించేవాళ్లు. మామూలు వాళ్లకు పద్దెనిమిదికే తీరే మైనారిటీ వీళ్లకు ఇరవై ఒకటి నిండితేగాని తీరదు. క్రికెట్టూ ఇంగ్లీషూ నేర్చుకుని, సొంత ఊళ్లో రైతుల పేర్లు కూడా తెలియకుండా దిగిన కుర్ర రాజావారు కథానాయకుడిగా బంగారం. అతనికి ఊరు పరిచయం చేసే మనిషి కావాలి. ఆ మనిషి కథానాయిక అయితే, వాళ్లిద్దరూ కలవడానికి వాన, గొడుగు, జారిపడటం లాంటివేవీ అక్కర్లేదు.

ఒక నమూనా. మీరు కల్పించిన సంస్థానానికి పేష్కషు ఏడాదికి 40,000 రూపాయలు, పాత అప్పు రెండు లక్షలు. అప్పుకు హామీ ఉన్న పొరుగు జమీందారుకు పెళ్లీడు కూతురుంది. ఆ సంబంధం కాదంటే హామీ పోతుంది, హామీ పోతే వచ్చే కిస్తు నాటికి వేలం. ఇప్పుడు మీ కథకు ఒక తారీఖు వచ్చింది. ప్రతి అధ్యాయంలోనూ ఆ తారీఖు దగ్గరపడుతూ ఉంటుంది, మీరు గుర్తుచేయకపోయినా చదివేవాళ్లే లెక్కపెట్టుకుంటారు.

కంటికి కనిపించే అడ్డంకికి ఎంత బలముందో భాగమతి కథ చూస్తే తెలుస్తుంది. వరదలో ఉన్న మూసీని ఈది వెళ్లే కొడుకు కోసం తండ్రి పురానాపూల్ కట్టించాడంటారు. వంతెన కట్టింది 1578లో. ఆ కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్ షా పుట్టింది 1565లో, అంటే అప్పటికి అతనికి పదమూడేళ్లు. భాగమతి అసలు ఉందా అనే చరిత్రకారులూ ఉన్నారు. అయినా నాలుగు శతాబ్దాలుగా ఆ కథ చావలేదంటే నది వల్లే. “కులాంతరం”, “మతాంతరం” అని చెబితే మనసుకు అంతగా ఆనదు, పొంగిన మూసీ అంటే ఆనుతుంది.

ఊరు, కోట

విజయనగరమో వెంకటగిరో వనపర్తో పేరు పెట్టి కల్పిత ప్రేమకథ రాయకండి. ఆ కుటుంబాల వాళ్లు ఉన్నారు, గొడవలొస్తాయి. పైగా చరిత్ర తెలిసిన పాఠకుడు మొదటి పేరాలోనే పట్టుకుంటాడు. సంస్థానాన్ని కల్పించండి, కానీ చుట్టూ ఉన్న నదులూ రైళ్లూ సంతలూ నిజమైనవి ఉంచండి.

సర్కారు జిల్లాలా (మద్రాసు కింది కోస్తా), నైజామా (నిజాం రాజ్యం) అన్నది ముందే తేల్చుకోండి. రెండూ ఒకటి కావు. గద్వాల, వనపర్తి నిజాం కింది సంస్థానాలు, అక్కడ కచేరీ కాగితం ఉర్దూలో నడుస్తుంది, చెలామణీ నిజాం నాణెమైన హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. కృష్ణ దాటి వచ్చిన కథానాయిక తన జీతం లెక్కలో మోసపోయాననుకుని కచేరీలో నిలదీయడం ఒక మంచి మొదటి సన్నివేశం అవుతుంది. రాణి పాలించే సంస్థానం కావాలన్నా చరిత్రలో దాఖలా ఉంది. గద్వాలను చివరి దశలో ఏలింది రాణి ఆదిలక్ష్మీదేవమ్మే. ఆడమనిషి గద్దె మీద ఉండి, మగవాడు కొలువుకు వస్తే ఈ రకం కథలో అరిగిపోయిన సన్నివేశాలు సగం వాటంతటవే తిరగబడతాయి.

కోటను ఊహించి రాయకండి. వెళ్లి చూడండి. విజయనగరం కోటలో కాలేజీలు నడుస్తున్నాయి, వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ అయింది, హైదరాబాద్ చౌమహల్లాకు టికెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు. అద్దాల దీపాలను ఫొటో తీసుకోవడం కంటే ఒక పని చేయండి. సింహద్వారం నుంచి లోపలి లోగిలి దాకా నడుస్తూ గుమ్మాలు లెక్కపెట్టండి. మీ కథలో ఒక చీటీ బయటి నుంచి అంతఃపురానికి వెళ్లాలంటే అన్ని గుమ్మాలూ, అంతమంది చేతులూ దాటాలి. అందులో ఎవరు చదువు వచ్చినవాళ్లు, ఎవరు దివానుకు చుట్టం, ఎవరికి ఘోషా (పరదా) దాటే వీలుంది అన్నది రాసిపెట్టుకుంటే మూడు నాలుగు అధ్యాయాలకు సరిపడా కథ ఆ గుమ్మాల్లోనే దొరుకుతుంది.

కథానాయిక

చాలా జమీందారీ ఇళ్లలో ఆడవాళ్లకు ఘోషా ఉండేది. కాబట్టి సాటి జమీందారు కూతురు కథానాయికైతే పెళ్లిదాకా ఆమె ముఖం చూపించడమే కష్టం. లోగిలికీ కచేరీకీ రెంటికీ రాకపోకలున్న మనిషి కావాలి: పాఠాలు చెప్పే టీచరమ్మ, లేడీ డాక్టరు, వీణ నేర్పే ఆవిడ.

వయసు ఇరవైకి తగ్గించకండి. ఆనాటి ఆచారం ఏదైనా, చిన్నపిల్లతో ప్రేమకథ నడపడం కుదరదు. అయితే ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ల కన్య అంటే ఊరంతా అడుగుతుంది, చదివేవాళ్లూ అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉండాలి. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఆ తర్వాతి కథలో కథానాయిక బాలవితంతువు కావచ్చు, బ్రహ్మసమాజం ఇంటి ఆడపడుచు కావచ్చు, మిషన్ బడిలో చదివి ఉద్యోగం చేస్తున్నదీ కావచ్చు. ఈ ముగ్గురిలో ఎవరిని తీసుకున్నా అడ్డంకి దానంతటదే పెద్దదవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆమెకు వెళ్లిపోయే దారి ఉండాలి. చేతిలో జీతం, పేరున ఎకరమో రెండెకరాలో, ఇంకో ఊళ్లో ఉద్యోగం. వెళ్లిపోగలిగి కూడా ఉండిపోయిందంటేనే అది ప్రేమ. గతిలేక ఉన్నదాన్ని ప్రేమని పిలిస్తే కామెంట్లలో ఉతికేస్తారు, ఉతకాలి కూడా.

ఒక్క మర్యాద, ఒక్కసారి తప్పడం

అతనికి ఆమె మీద మనసైందని నోటితో చెప్పించకండి. దివాణానికి ఒక మర్యాద పెట్టండి, దాన్ని రెండుసార్లు సక్రమంగా జరగనివ్వండి, మూడోసారి తప్పించండి. ఉదాహరణకు దసరా దర్బారులో నజరు, అంటే రాజావారికి ఇచ్చే కానుక. ఇచ్చేవాళ్లు రుమాలు మీద రూపాయి పెట్టి చేతులు చాస్తారు. రాజావారు వేలితో తాకి వదిలేస్తారు, రూపాయి ఇచ్చినవాళ్లకే మిగులుతుంది. కరణం వంతు, కాపుల వంతు అలాగే జరిగాయి. ఇప్పుడు ఆమె:

“రుమాలు కొత్తది కాదు. ఉతికి, మడత మీద ఇస్త్రీ చేసింది. రాజావారి వేలు రూపాయిని తాకింది. అక్కడితో పైకి లేవాలి, లేవలేదు. రూపాయి తీసుకుని పిడికిలి మూశారు. పక్కన పళ్లెం పట్టుకున్న జవాను పళ్లెం ముందుకు చాపాడు, ఆయన అందులో వెయ్యలేదు. దివానుగారు సర్దుకుని, ‘తర్వాత ఎవరోయ్’ అన్నారు, కాస్త గట్టిగా.”

ఇందులో ప్రేమ అన్న మాట లేదు. కళ్లు కలవలేదు, గుండె ఝల్లుమనలేదు. కానీ దర్బారులో ఉన్న ప్రతివాడూ చూశాడు, రేపటికి ఊరంతా తెలుస్తుంది. మర్యాదను ముందు రెండుసార్లు చూపకుండా నేరుగా మూడోది రాస్తే ఈ సన్నివేశం అర్థం కాదు. చాలామంది చేసే తప్పు ఇదే.

పిలుపులోనూ ఇదే పొదుపు పాటించండి. ఇద్దరూ “మీరు” అనే మొదలుపెట్టాలి. “నువ్వు”కు దిగడం సీరియల్ మొత్తంలో ఒక్కసారే జరగాలి, అదీ ముందు ఆమె నోటి నుంచి, కోపంలో.

అధ్యాయాల లెక్క

నలభై అధ్యాయాలు, ఒక్కోటి 1,000 నుంచి 1,500 మాటలు. ఇంతకంటే సాగదీస్తే అప్పు తారీఖు వెనక్కి జరపాల్సి వస్తుంది, జరిపితే నమ్మకం పోతుంది. ఇద్దరూ రెండో అధ్యాయం లోపు ఎదురుపడాలి. ఖరీదు ఎంతో ఎనిమిదో అధ్యాయానికి చదివేవాళ్లకు తెలియాలి, కథానాయికకు పదిహేనుకు తెలియాలి. ఈ ఏడు అధ్యాయాల తేడాలోనే ఉత్కంఠ ఉంది, తొందరపడి చెప్పేయకండి. నజరు లాంటి ఘట్టం పన్నెండు దగ్గర, విడిపోవడం ముప్పై దగ్గర. ముప్పై నుంచి ముప్పై ఆరు దాకా ఇద్దరినీ ఒకే గదిలో పెట్టొద్దు. పాఠకులు తిడతారు, తిడుతూ చదువుతారు.

చెడిపోయే చోట్లు

కథానాయకుడు అరుస్తాడు, చేయి పట్టి లాగుతాడు, తలుపు గడియ వేస్తాడు, దాన్ని రాచఠీవి అంటారు. ఇది రాయడం సులువు కాబట్టి రాస్తారు. ఎదురు చెప్పేవాడు లేని మనిషికి అరవాల్సిన అవసరమే ఉండదు. అతని అధికారం చూపాలంటే అతను మెల్లగా మాట్లాడుతుంటే పదిమంది ఊపిరి బిగబట్టి వినడం చూపండి. ఆమె “వద్దు” అంటే అది ఆ అధ్యాయంలోనే చెల్లాలి.

ఇంకోటి రైతులు. దివాణం వైభవం ఎవరి శిస్తుతో వచ్చిందో కథలో ఎక్కడా కనిపించకపోతే కథ గాల్లో తేలుతుంది. వెట్టిచాకిరీ జ్ఞాపకం ఉన్న తెలంగాణ పాఠకులకు “దొర” అన్న మాట వినగానే గులాబీలు గుర్తురావు. రైతుల్ని అలంకారానికి పొలంలో నిలబెట్టకుండా వాళ్ల అర్జీ ఒకదాన్ని కథ మధ్యలో పెట్టండి. ఆ అర్జీ రాసింది టీచరమ్మే అయితే అతను ఆమెకూ కిస్తుకూ మధ్య నలిగిపోతాడు. మీకు కావాల్సిందీ అదే.

పెద్ద రాణీగారిని రాక్షసిని చేయడం మూడో తప్పు. ఆవిడకూ ఒక లెక్క ఉంటుంది. కొడుకు ఇష్టపడితే రేపు ఎస్టేటు ఏమవుతుందో ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ వాదన ఒక్క సన్నివేశంలోనైనా చదివేవాళ్లకు సబబనిపించాలి.

చివరిది సవతి సమస్య. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లి చట్టవిరుద్ధమైంది 1949లో. అంతకుముందు కథలో “ఆమెనూ చేసుకుని ఈమెనూ చేసుకోవచ్చుగా” అని దివాను తప్పకుండా అంటాడు. మీరు దాటవేస్తే పాఠకురాలు అడుగుతుంది. ఆ మాట దివానుతో అనిపించి, కాదనే పని కథానాయికకు వదలండి.

ముగింపుకు చరిత్ర ఒక తలుపు తెరిచే ఉంచింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, మరుసటి ఏడాది హైదరాబాద్‌లో జాగీర్లు రద్దయ్యాయి. కానీ చట్టం వచ్చి ఎస్టేటు పోయాక పెళ్లి జరిగితే అతను వదులుకున్నదేమీ ఉండదు, సర్కారు లాక్కున్నదే ఉంటుంది. నిర్ణయం చట్టానికి కనీసం ఒక ఏడాది ముందు అతనే తీసుకోవాలి.

పోస్టు చేసేముందు ఒకసారి చూసుకోండి. డబ్బు రూపాయలు, అణాలు, పైల లెక్కలో ఉందా? అణాకు పన్నెండు పైలు, రూపాయికి పదహారు అణాలు, నూరు పైసల రూపాయి వచ్చింది 1957లో. 1880ల కథలో ఎవరూ గోదావరిని రైలు వంతెన మీద దాటకూడదు, అప్పటికి వంతెన లేదు. మేనాలో వెళ్లేవాళ్లను గంటకు నాలుగు మైళ్లకు మించి పరిగెత్తించకండి, బోయీలు మారే చోట ఆపండి. ఆ ఆగిన చోట ఎవరు ఎవరిని చూశారో రాసుకుంటే ఇంకో అధ్యాయం దొరుకుతుంది.