కొండదారి బండి - 4వ పాఠం: మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి?

గత పాఠంలో 4హెచ్‌కీ 4ఎల్‌కీ తేడా చూశాం: రెండింట్లోనూ నాలుగు చక్రాలకీ బలం అందుతుంది, 4హెచ్ మామూలు వేగానికి, 4ఎల్ నెమ్మదిగా, గట్టిగా లాగడానికి. ఖాళీ స్థలంలో 4ఎల్ వేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా బండిని దానంతటది పాకనిచ్చి చూడమన్నాను. ఆ పని చేయనివాళ్లు ముందు అది చేసి రండి. ఈ పాఠం డబ్బు గురించి. తన బండికి ఏం చేతనవుతుందో చూడనివాళ్లే దానికి అక్కర్లేనివి కొంటారు.

థార్, జిమ్నీ లాంటి కొండదారి బండి కొత్తగా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "అన్నా, లిఫ్ట్ ఎన్ని అంగుళాలు వేయించమంటావ్?" అని. లిఫ్ట్ అంటే పొడవైన స్ప్రింగుల్లాంటివి వేసి బండి బాడీని పైకి లేపడం. నేను తిరిగి అడిగేది ఒకటే: "తమ్ముడూ, నీ బండి ఇప్పటిదాకా ఎక్కడ ఆగిపోయింది?" ఎక్కడా ఆగలేదంటే లిఫ్ట్ మాట పక్కన పెట్టమంటాను.

డాష్‌బోర్డులో ఒక చిన్న నోటు పుస్తకం పడేసుకోండి. బండి ఆగిన ప్రతిసారీ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎలా బయటపడింది రాయండి. ఆ "ఎందుకు" దగ్గర శ్రద్ధ పెట్టండి. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయా? అడుగు రాయికి తగిలి కూర్చుందా? ఒక చక్రం గాల్లోకి లేచి, రెండోదానికి బలం అందలేదా? వీటికి మందులు వేరు. చక్రాలు జారే బండికి లిఫ్ట్ వేయిస్తే అదే బురదలో కాస్త ఎత్తుగా నిలబడుతుంది, అంతే.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నది. రెండంగుళాల లిఫ్ట్ వేయించిన నెలలోనే గోదావరి ఇసుక తిన్నెలో దిగబడ్డాను. ఇంజన్ రేజ్ చేసేకొద్దీ చక్రాలు ఇసుక తోడుకుంటూ ఇరుసుదాకా దిగిపోయాయి. ఊళ్లోంచి ట్రాక్టర్ వచ్చింది. గొలుసు ఎక్కడ కట్టాలో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. బంపర్ బ్రాకెట్‌కి కట్టాం. ఒక్క కుదుపుకి అది ఊడి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. మరుసటి ఏడాది అదే తిన్నె మీదికి నాలుగు టైర్లలో గాలి 18 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) తగ్గించి వెళ్లాను, ఆగకుండా దాటాను.

కాబట్టి మొదటి రూపాయి గాలికి. టైరు గాలి కొలిచే ఒక మంచి గేజీ, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే ఒక కంప్రెసర్ కొనండి. గాలి తీస్తే టైరు పొడవునా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ నేల మీద పంచుకుంటుంది గనక ఇసుకలోకి దిగదు, రాళ్లనీ పొదువుకుంటుంది. రాళ్ల బాటకి 22 నుంచి 25, మెత్తటి ఇసుకకి 16 నుంచి 18 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ఇంకా కిందికి వెళ్తే, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది. గాలి తీసిన బండిని నెమ్మదిగానే నడపాలి. తారురోడ్డు ఎక్కేముందు డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీ చూసి, అందులో ఉన్నంత గాలి మళ్లీ పట్టాలి. మెత్తటి టైరుతో హైవే మీద వేగంగా పోతే అది వేడెక్కి పేలే ప్రమాదముంది.

రెండో ఖర్చు బయటపడే సామాను: సాగే కైనెటిక్ తాడు, తాడుని కొక్కేనికి తగిలించే 4.75 టన్నుల షాకిళ్లు (ఇనప కడియాలు) రెండు, ఒక పార. వీటితోపాటు, చాసిస్‌కి బోల్టులతో బిగించిన గట్టి కొక్కేలు ముందూ వెనకా ఉండాలి. ట్రెయిలర్ తగిలించే గుండుకి మాత్రం తాడు కట్టకండి. అది తెగితే తూటాలా వస్తుంది, దానివల్ల మనుషులు చనిపోయారు.

ఆ తర్వాతే టైర్లు. కంపెనీ టైర్లు అరిగేదాకా వాడి, అప్పుడు ఏటీ రకానికి (ఆల్ టెరెయిన్, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చేవి) మారండి. మనం ఎక్కువగా తిరిగేది తారు మీదే గనక చాలామందికి అవే చాలు. నల్లరేగడి సంగతి వేరు. వాన పడ్డాక ఆదిలాబాద్ చేలగట్ల మీద ఆ మట్టి ఏటీ గాడుల్లో నిండి, టైరు నున్నటి గుండులా అవుతుంది. ఎప్పుడూ అక్కడే తిరిగేవాళ్లకి ఎంటీ (మడ్ టెరెయిన్, బురద కోసం లోతు గాడులున్న) టైర్లు అవసరమే.

పెద్ద టైరు వేస్తే బండి బాగా లేస్తుందనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. జిమ్నీకి వచ్చేది 195/80 ఆర్15, అంటే వెడల్పు 195 మి.మీ., టైరు పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 195లో 80 శాతం 156. దాన్ని రెండింతలు చేసి రిమ్ము 381 మి.మీ. కలిపితే మొత్తం ఎత్తు 693 మి.మీ. చాలామంది మార్చుకునే 215/75 ఆర్15కి ఇదే లెక్కన 703.5 వస్తుంది. తేడా 10.5. అందులో సగమే ఇరుసు కిందికి దక్కుతుంది, అంటే 5 మి.మీ. పైచిలుకు. లిఫ్ట్ అయితే బాడీని లేపుతుంది గానీ జిమ్నీ ఇరుసు గుండ్రం (ఇరుసు మధ్యలో గేర్లున్న ఉబ్బెత్తు భాగం) ఉన్నచోటే ఉంటుంది. నోటు పుస్తకంలో "ఇరుసు గుండ్రం తగిలింది" అని ఉంటే లిఫ్ట్ దానికి మందు కాదు. "మెట్టు దిగేటప్పుడు నడుం తగిలింది" అని పదేపదే ఉంటే అప్పుడు ఆలోచించండి. దానికన్నా ముందు అడుగున రాళ్ల దెబ్బ కాచే ఇనప రేకులు, అంటే స్కిడ్ ప్లేట్లు వేయించండి.

విన్చ్, అంటే బండి ముందు బిగించే, తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం, ఆఖరిది. సామానుతో కలిపి 1,600 కిలోలు తూగే బండికి కనీసం 2,400 కిలోలు లాగేది కావాలి. విన్చ్ బరువంతా ముందు స్ప్రింగుల మీద పడుతుంది. పైగా దాని తాడు కట్టడానికి ఏదో ఒకటుండాలి. మారేడుమిల్లి వైపు చెట్టు దొరుకుతుంది. సముద్రం ఒడ్డున సరుగుడు తోపు దాటాక ఏముంటుంది?

చట్టం సంగతీ చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో దాన్ని గట్టిగా చెప్పింది. బండి ముందు బిగించే ఇనప కడ్డీలు, అంటే బుల్ బార్లు తీయించమని కేంద్రం 2017 డిసెంబర్లోనే రాష్ట్రాలకి రాసింది. లిఫ్ట్ వేయించేముందు ఆర్టీఓలోనూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా అడగండి.

ఈ వారం అభ్యాసం: బండిని సిమెంటు నేల మీద ఆపండి. ముందు టైరు నేలని తాకే చోటుకి ముందూ వెనకా సుద్దతో గీత గీసి, మధ్య దూరం టేపుతో కొలవండి. గాలి 18కి తీసి మళ్లీ గీయండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, మళ్లీ నింపడానికి ఎంతసేపయిందో కూడా రాసుకోండి. ఆ అంకెలతో వస్తే వచ్చే పాఠంలో కైనెటిక్ తాడు కట్టడం, లాగేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలన్నది నేర్చుకుందాం.